ఏడు హర్ఫుల దూరం

అసర్ నమాజ్ అయ్యాక పాతబస్తీలో ఏ గల్లీకి వెళ్లినా ఒకటే సందడి. టోపీలు సర్దుకుంటూ మగపిల్లలు, దుపట్టాలు బిగించి కట్టుకున్న ఆడపిల్లలు, చంకలో ఖాయిదా పెట్టుకుని మస్జిద్ మక్తబ్‌కు ఉరుకుతుంటారు. ఖాయిదా అంటే ఖుర్ఆన్ చదవడానికి ముందు చదివే వాచకం. అలిఫ్, బే, తే దగ్గర మొదలుపెట్టి, జేర్ జబర్‌లు కలిపి, పూర్తి ఆయత్ చదివేదాకా తీసుకెళ్తుంది. మగ్రిబ్ అజాన్ దాకా గల్లీ అంతా పిల్లల గొంతులే.

ఈ పిల్లలు బడిలో ఇంగ్లిష్ చదువుతారు. తెలుగు చదువుతారు, హిందీ చదువుతారు. మక్తబ్‌లో అరబీ చదువుతారు. నాలుగు లిపులు. ఇంటికొచ్చి మాట్లాడేది మాత్రం ఉర్దూ, అదీ మన దక్కనీ ఉర్దూ. "నక్కో", "హౌ", "కైకు" అనేది. అది మాత్రం చదవడం రాదు. నాలిక మీద ఉన్న జబాన్ కంట్లో లేదు. మా ఇంట్లోనూ అంతే. మా పెద్దోడికి తొమ్మిదేళ్లు, మున్నీకి ఆరు. వాళ్ల బడిలో ఉర్దూ సబ్జెక్టు లేదు. నేను చదివింది ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో, పొట్టపోసుకునేది తెలుగు అఖ్బార్‌లో రాసి. ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు చదువులు.

ఇందులో నష్టం ఏమిటని ఎవరైనా అడిగితే మొన్నమొన్నటిదాకా కితాబుల గురించి, షాయరీ గురించి, తహజీబ్ గురించి పెద్ద మాటలే చెప్పేవాణ్ణి. ఇప్పుడు మా అమ్మీ కళ్ల గురించి చెప్తాను.

అమ్మీకి రోజూ ఫజర్ తర్వాత ఉర్దూ అఖ్బార్ కావాలి. 'సియాసత్' 1949లో మొదలైంది, అమ్మీ పుట్టింది ఆ తర్వాత. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో అఖ్బార్ లేని రోజు ఎరగదు. పోయినేడు రెండు కళ్లకూ మోతియా వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. షుగర్ అదుపులోకి వచ్చాకే రెండోది చేస్తామన్నారు. చష్మా పెట్టుకున్నా పెద్ద హెడ్డింగులు తప్ప కింద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. నేను రాత్రి డ్యూటీ చేసి పొద్దెక్కేదాకా పడుకుంటాను. బేగం వంటింట్లో టిఫిన్ డబ్బాల యుద్ధంలో ఉంటుంది. అందుకని ఒకరోజు పొద్దున అమ్మీ పెద్దోణ్ణి పిలిచి, "మాషాఅల్లాహ్, నువ్వు ఖుర్ఆన్ చదువుతున్నావు కదా బేటా, ఈ అఖ్బార్ కాస్త చదువు" అంది.

వాడు ఏం చేశాడో బేగం చెప్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. వెళ్లి వుజూ చేసుకొచ్చాడు. టోపీ పెట్టుకున్నాడు. రెహల్ తెచ్చి దానిమీద అఖ్బార్ పరిచి, హాఫిజ్‌సాబ్ నేర్పిన గొంతుతో, సాగదీయాల్సిన చోట సాగదీస్తూ, ముక్కుతో పలకాల్సిన చోట ముక్కుతో పలుకుతూ వార్త చదవడం మొదలుపెట్టాడు. "హైదరాబాద్" దాకా బాగానే నడిచింది. ఆ పేరులో ఉన్నవన్నీ అరబీలోనూ ఉన్న హర్ఫులే. తర్వాత మాట దగ్గర ఆగాడు. "తెలంకానా" అన్నాడు. అమ్మీ పకపకా నవ్వింది. కాఫ్ మీద ఇంకో గీత ఉంది, అది గాఫ్ అయింది. కానీ వాడి ఖాయిదాలో గాఫ్ లేదు. అరబీలో గాఫే లేదు.

నాకు నిద్ర లేచాక ఈ కథ విని ఒక సంగతి తట్టింది. వీడికి ఉర్దూ రాకపోవడం మనం అనుకునేంత పెద్ద లోటు కాదు. మాటలన్నీ వచ్చు. అరబీ హర్ఫులన్నీ వచ్చు. మధ్యలో ఉన్నది కొన్ని హర్ఫుల దూరమే. అవెన్ని అని కూర్చుని లెక్కపెట్టాను. పే, టే, చే, డాల్, డే, ఝే, గాఫ్. ఏడు.

వాటిలో పే, చే, ఝే, గాఫ్ ఫార్సీ వాళ్లు కలిపినవి. అరబీ లిపి ఈరాన్ చేరినప్పుడు అక్కడి మాటలకు చాలక, ఉన్న అక్షరాలకే చుక్కలూ గీతా చేర్చుకున్నారు. మిగిలిన మూడూ, అంటే టే, డాల్, డే, మన హిందుస్తాన్‌లో చేరాయి. 'తే' నెత్తి మీద బుజ్జి 'తోయ్' పెడితే టే. 'దాల్' మీద పెడితే డాల్. 'రే' మీద పెడితే డే. నాలుక మడిచి అంగిలికి తాటించి పలికే ధ్వనులు ఇవి. అరబ్బులకు లేవు, ఈరానీలకు లేవు. మట్టి, గడ్డ, గోడ అనే మనకు ఉన్నాయి. డిగ్రీలో తెలుగు వ్యాకరణం చదువుతున్నప్పుడు ట వర్గం మూర్ధన్యాలని బట్టీ పట్టాను గానీ, ఖుర్ఆన్ లిపికీ మా ఇంటి జబాన్‌కూ మధ్య నిలబడ్డ హర్ఫుల్లో అవి ఉన్నాయని అప్పుడు తోచలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఖుర్ఆన్‌లో ప్రతి హర్ఫ్‌కూ జేర్, జబర్, పేష్ గుర్తులు ఉంటాయి. అఖ్బార్‌లో ఉండవు. మాట ముందే తెలిసినవాడికే చదవడం వస్తుంది. పైగా ఖుర్ఆన్‌లో హర్ఫులు నస్ఖ్ పద్ధతిలో నిటారుగా నిలబడతాయి. అఖ్బార్‌లోది నస్తాలీఖ్, పైనుంచి కిందికి ఏటవాలుగా దిగుతుంది. మున్నీ దాన్ని చూసి, "అబ్బా, ఈ హర్ఫులు జారుడుబల్ల మీంచి జారుతున్నాయి" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మరి ఏడు హర్ఫులు నేర్పడం ఎలా? ఇంకో ట్యూషన్ అంటే పిల్లలు పారిపోతారు. అందుకే శికార్ మొదలుపెట్టాం. ఆదివారం ఫజర్ అయ్యాక ముగ్గురం ఇంట్లోంచి బయటపడాలి. షా అలీ బండా నుంచి చార్మినార్ దాకా నడవాలి. దుకాణాల బోర్డుల మీద ఆ ఏడు హర్ఫులను వేటాడాలి. ముందు చూసి అరిచినవాళ్లది ఆ హర్ఫ్. చార్మినార్ దగ్గర చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇనాం.

ఆ వేళలో మా రోడ్డు వేరేగా ఉంటుంది. పగలైతే ఆటోల మధ్య పిల్లల చెయ్యి వదలడానికి ధైర్యం చాలదు. పొద్దున ఆరింటికి షట్టర్లన్నీ మూసి ఉంటాయి. పాలవాళ్లు, నిహారీ హోటళ్ల ముందు గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు తప్ప జనం ఉండరు. పిల్లలు రోడ్డు మధ్యలో నడుస్తూ తలలు పైకెత్తి చదువుతుంటే, మస్జిద్ నుంచి తిరిగొస్తున్న ఒక చాచా ఆగి, "ఏం పోయింది బేటా, గాలిపటమా?" అని అడిగాడు.

చే మొదట దొరికింది, 'చాయ్' బోర్డు మీద. గాఫ్ 'గోష్త్' దుకాణం మీద. పే పాన్ డబ్బా మీద. అక్కడిదాకా తమీజ్‌గానే ఉన్నారు. ఒక దవాఖానా ముందు పంచాయితీ మొదలైంది. 'డాక్టర్' అనే మాటలో డాల్ ఉంది, టే ఉంది. రెండు తోయ్‌లు ఒకే బోర్డు మీద! నేను ముందు చూశానంటే నేనని ఇద్దరూ డాక్టర్ గేటు ముందే కొట్టుకున్నారు. చివరికి డాల్ పెద్దోడికి, టే మున్నీకి పంచి సులహ్ చేశాను. డే బట్టల దుకాణం మీద 'కపడా' అనే మాటలో దొరికింది. మక్కా మస్జిద్ దగ్గరికి చేరేసరికి ఆరు అయిపోయాయి. పావురాలకు గింజలు వేయడానికి పరుగెత్తారు.

ఏడోది ఝే. టెలివిజన్ అనే మాటలో ఇంగ్లిష్ వాళ్లు 'జ'ను మెత్తగా పలుకుతారు చూడండి, ఆ ధ్వని. ఉర్దూలోనే అరుదు. అమ్మీని అడిగితే "అఝ్దహా ఉంది కదా" అంది. అఝ్దహా అంటే కొండచిలువ లాంటి మహా సర్పం, కథల్లో నోట్లోంచి నిప్పులు కక్కేది. ఆ పేరుతో బోర్డు పెట్టుకునే దుకాణదారు షా అలీ బండాలో ఎవరుంటారు? మూడు ఆదివారాలు వెతికాం. లాడ్‌బజార్ గాజుల దుకాణాల మధ్య వెతికాం. గుల్జార్‌హౌజ్ దాటి పత్థర్‌గట్టి రాతి కమాన్ల కింద వెతికాం. నాలుగో ఆదివారం ఇంటికి అడ్డదారిలో వస్తుంటే, ఒక మూతపడ్డ దుకాణం ముందు మున్నీ ఆగిపోయింది. రంగు వెలిసిపోయిన పాత బోర్డు. "అబ్బా, రే మీద మూడు ఈగలు కూర్చున్నాయి" అంది. ఈగలు కావు, నుఖ్తాలు. అది టీవీలు బాగుచేసే దుకాణం. ఉర్దూలో 'టెలివిజన్' రాసి ఉంది, నిజంగానే ఝేతో. నేను ఉదాహరణ చెప్తూ వచ్చిన మాటలోనే ఆ హర్ఫ్ దాక్కుంది. ఆ రోజు మున్నీకి రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇవ్వాల్సి వచ్చింది.

శికార్‌లో హర్ఫుల కంటే సవాళ్లు ఎక్కువ దొరికాయి. ఒక ఆటో వెనక ఉర్దూలో ఏదో షేర్ రాసి ఉంటే మున్నీ దాన్ని ముట్టుకుని వేళ్లు కళ్లకు అద్దుకుంది. ఖుర్ఆన్ అనుకుంది. ఆ లిపిలో ఏది కనిపించినా ముఖద్దస్ అనే దాని లెక్క. పెద్దోడు వెక్కిరించాడు. "అట్లయితే గోష్త్ దుకాణం బోర్డును కూడా ముద్దు పెట్టుకో" అన్నాడు. ఇంటికొచ్చాక విషయం దాదీ దర్బారుకు వెళ్లింది.

అమ్మీ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఉర్దూ అఖ్బార్‌ను దస్తర్‌ఖాన్ కింద పరవనివ్వదు, చెప్పుల స్టాండులో వేయనివ్వదు. అందులో ఎక్కడో అల్లాహ్ పేరు ఉంటుంది, రసూలుల్లాహ్ పేరు ఉంటుంది. పాత కాగితాలన్నీ ఒక సంచిలో దాచి మస్జిద్ దగ్గర డబ్బాలో వేయిస్తుంది. నేను ఉద్యోగంలో చేరాక ఇంటికి తెలుగు పేపర్ కూడా రావడం మొదలైంది. అమ్మీకి తెలుగు ఒక్క అక్షరం రాదు. బేగం ఒకసారి ఆ పేపర్‌ను దస్తర్‌ఖాన్ కింద వేయబోతే అమ్మీ ఆపింది. "నా కొడుకు అందులో రంజాన్ గురించి రాస్తాడు, బక్రీద్ గురించి రాస్తాడు. అల్లాహ్ పేరు రాయకుండానే రాస్తాడా?" అంది. ఆ రోజు నుంచి తెలుగు పేపర్ కూడా సంచిలోకే.

ఆ మాటే ఇప్పుడు మున్నీకి చెప్పింది. లిపికి పవిత్రత లేదు బేటీ, అందులో ఏం చెప్పారో దానికి ఉంటుంది. కానీ చదవడం రానప్పుడు ఏం చెప్పారో తెలియదు కాబట్టి అదబ్‌గా ఉండటమే మేలు. తెలుసుకోవాలంటే మాత్రం చదవాలి. దర్సె నిజామీ చదివిన మౌలానాలు కూడా ఇంత పొట్టిగా చెప్పరేమో.

చార్మినార్ దగ్గర చాయ్ తాగుతూ నాకు తెలిసిన కథలు చెప్తుంటాను. దీన్ని 1591లో కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీలో షాయరీ రాశాడు. ఆయన తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చతెలుగులో మొదటి కావ్యమని పేరున్న 'యయాతి చరిత్ర'ను పొన్నగంటి తెలగనార్యుడు అంకితమిచ్చింది అమీన్ ఖాన్‌కు. "అంటే ముసల్మాన్‌కు తెలుగు కితాబా?" అని పెద్దోడు కళ్లు పెద్దవి చేశాడు. "మీ అబ్బా తెలుగులో రాస్తే నీకు వింతగా లేదు కదా, అదీ అంతే" అన్నాను. వాడు కాస్త ఆలోచించి, తెలుగు వర్ణమాలలో ప ఉంది, చ ఉంది, గ ఉంది, ట ఉంది, డ ఉంది అని వేళ్లు ముడిచాడు. ఏడింటిలో ఐదు వాడికి బడిలోనే వచ్చేశాయి. ఆరోది, డే, అక్షరంగా లేకపోయినా 'గోడ' అన్నప్పుడు నోట్లో పలుకుతూనే ఉంది. ఝే ఒక్కటే పరాయిది.

ఒక సాయంత్రం ఛత్తాబజార్ తీసుకెళ్లాను. షాదీ రుఖ్ఖాలు అచ్చువేసే ప్రెస్సుల గల్లీలు అవి. ఒకప్పుడు ప్రతి ప్రెస్సులో ఖలం పట్టిన ఖత్తాత్‌లు ఉండేవాళ్లు. నస్తాలీఖ్ కంప్యూటర్లోకి వచ్చాక వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. వాళ్లలో ఒక పెద్దాయన వెదురు ఖలంను సిరాలో ముంచి పిల్లల కోసం పే రాసి చూపించాడు. హర్ఫ్ ఎంత పొడుగుండాలో స్కేలుతో కొలవరట. అదే ఖలంతో పెట్టిన నుఖ్తాలతో కొలుస్తారట. పెద్దోడు చేతికి ఖలం ఇస్తే సిరా మరకలు షర్టు నిండా అయ్యాయి. ఇంట్లో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు.

2017లో ఉర్దూను తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష చేశారు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది ఉర్దూ మాధ్యమంలోనే. డాక్టరీ, ఇంజనీరింగ్ పాఠాలు కూడా ఆ జబాన్‌లో నడిచిన ఊరు ఇది. ఈ మాటలు సభల్లో చాలాసార్లు వింటాం. మంచివే. కానీ బోర్డు మీద హర్ఫ్ రాయించడం సర్కారు పని. దాన్ని చదివే కన్ను తయారవ్వాల్సింది ఇంట్లోనే.

నాలుగైదు నెలల్లో పెద్దోడు అఖ్బార్ చదవడం పట్టేశాడు. రెహల్ పోయింది, రాగం పోయింది. దాదీ మంచం మీద పక్కన కూర్చుని గడగడా చదువుతున్నాడు. అమ్మీ మొదట చదివించుకునేది పెద్ద వార్తలు కాదు, ఇంతెఖాల్ కాలమ్. పాతబస్తీలో ఆమె వయసు వాళ్లంతా అఖ్బార్ అక్కడి నుంచే మొదలుపెడతారు. ఎవరు పోయారు, నమాజె జనాజా ఏ మస్జిద్‌లో, తద్‌ఫీన్ ఎక్కడ. వాడికి అది క్రికెట్ స్కోరు లాంటిది. పేరు, వయసు, మస్జిద్, ఖబ్రస్తాన్, తర్వాతి పేరు.

ఒక బుధవారం అలాగే చదువుకుంటూ పోయాడు. నాలుగో పేరు దగ్గర అమ్మీ చేతిలో తస్బీ ఆగింది. "మళ్లీ చదువు" అంది. మళ్లీ చదివాడు. పేరు, భర్త పేరు, ఒకప్పటి మొహల్లా పేరు. అమ్మీ ఇన్నాలిల్లాహ్ చదివి చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్న సహేలీ. ముప్పై ఏళ్ల కింద టోలీచౌకీ వెళ్లిపోయారు. పండక్కి ఒకరిళ్లకు ఒకరు వెళ్లడం ఎప్పుడో ఆగిపోయింది. ఇద్దరి దగ్గరా వాట్సాప్ లేదు. ఈ కాలమ్ తప్ప ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి కబురు వచ్చే దారి లేదు.

"జనాజా ఎప్పుడు?" అని అడిగింది. "బాద్ నమాజె జొహర్" అని చదివాడు.

వాడే వచ్చి నన్ను నిద్రలేపాడు. ఆటో మాట్లాడుకుని వెళ్లాం. బడి మానేసి వాడూ వచ్చాడు, బేగం కూడా అడ్డు చెప్పలేదు. జనాజా లేవకముందే చేరాం. అమ్మీ లోపలికి వెళ్లి ఆఖరి దీదార్ చేసుకుంది. మేమిద్దరం నమాజె జనాజాలో నిలబడ్డాం. వాడికి అది మొదటిది. రుకూ లేదు, సజ్దా లేదు, నిలబడే అయిపోతుంది. సలాం తిప్పాక "అంతేనా?" అన్నట్టు నా వైపు చూశాడు. తర్వాత ఖబ్రస్తాన్‌లో చిన్న పిడికిళ్లతో మూడుసార్లు మట్టి వేశాడు.

ఆ రాత్రి దాదీ పక్కన పడుకుని అడిగాడట. "దాదీ, నేను ఆ పేరు చదవకపోతే మీకు ఏడుపు వచ్చేది కాదు కదా?"

"ఏడుపు వచ్చేది కాదు బేటా" అందట అమ్మీ. "కానీ ఆమె హఖ్ నా మీద ఉండిపోయేది."

జనాజాకు వెళ్లడం ఒక ముసల్మాన్ మీద ఇంకో ముసల్మాన్‌కు ఉన్న హఖ్‌లలో ఒకటని మక్తబ్‌లో వాడికి చెప్పే ఉంటారు. పరీక్షకు బట్టీ పట్టే ఉంటాడు. అది టోలీచౌకీలో ఎవరింటి ముందో నిలబడి తెలుసుకోవడం వేరు. మర్నాడు పొద్దున అఖ్బార్ తీసినప్పుడు ఇంతెఖాల్ కాలమ్‌ను గడగడా చదవలేదు. ఒక్కో పేరు దగ్గర ఆగి, దాదీ ముఖం చూసి, ఆమె తల అడ్డంగా ఊపాక తర్వాతి పేరుకు వెళ్లాడు. ఇప్పటికీ అలాగే చదువుతున్నాడు.

ఎవరైనా పిల్లలకు ఉర్దూ నేర్పడం కష్టమంటే ఇదే చెప్తున్నాను. ఖాయిదా అయిపోయిన పిల్లలకు మిగిలింది ఏడు హర్ఫులు, కొన్ని ఆదివారాలు. అనుభవం మీద చెప్తున్నాను, ఝే కోసం మాత్రం టీవీ దుకాణం ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి.

ఇక మున్నీ. మొన్న దాని తెలుగు నోట్‌బుక్ చూశాను. 'ట' రాయమంటే ఒక పేజీ నిండా రాసింది. ప్రతి ట నెత్తి మీదా జాగ్రత్తగా ఒక బుజ్జి తోయ్ పెట్టింది. టీచర్ ఎర్ర ఇంకుతో అన్నిటికీ సున్నాలు చుట్టింది. నోట్‌బుక్ దాదీకి చూపించి ఫిర్యాదు చేసింది. అమ్మీ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఆపరేషన్ అయిన కంటితో చాలాసేపు చూసి, "ఇదేదో నాకు చదవడం వస్తున్నట్టుందే" అంది.